భవనం తర్వాత, ముందు పుస్తకం

ఖాలో,

‘మామయ్యా’ అనే ఈ అరబ్బీ పిలుపు చూసి నీ భార్య నవ్వుతుందేమో. మేనమామ తన వరసతోనే మేనల్లుణ్ణి పిలవడం మనకు మామూలేనని ఆమెకు చెప్పు.

మీ నగరంలో మన పాలస్తీనా ఊరు రామల్లా వాళ్లవి నలభై ఇళ్లు తేలాయనీ, సంఘం పెడతామనీ రాశావు. సంతోషం. కానీ ఉత్తరంలో సగం భవనం గురించే ఉంది! దాని సంగతి పదేళ్ల తర్వాత చూడొచ్చు. ముందు ఒక లావుపాటి పుస్తకం కొను. ఇంటింటికీ వెళ్లి, వాళ్లిచ్చిన కాఫీ తాగి, ఇంట్లో ఎవరెవరున్నారో, ఊరు ఏ సంవత్సరం వదిలారో రాసుకో.

సంవత్సరం ఎందుకంటావా? 1967లో రామల్లా ఉన్న వెస్ట్ బ్యాంక్‌ను ఆక్రమించాక ఇజ్రాయెల్ అక్కడ జనాభా లెక్కలు తీసింది. ఆ రోజుల్లో ఊళ్లో లేనివాళ్లు జాబితాకెక్కలేదు, నివాస హక్కు పోయింది. మీ పెద్ద మామయ్య అప్పుడు ఇక్కడ అమెరికాలో చదువుకుంటున్నాడు. సొంత ఇంటికి ఇప్పటికీ సందర్శకుడిగానే వెళ్లాలి. ఆ జాబితాలో లేనివాళ్ల పేర్లు మన పుస్తకంలోనైనా ఉండాలి.

సంఘం నిలబడేది చావు ఇంట్లో. ఎవరైనా పోతే చక్కెర లేని కాఫీ ఎవరు కాస్తారు, సమాధి దగ్గర నుంచి వచ్చినవాళ్లకు భోజనం ఎవరు పెడతారు, ఇవి తేల్చుకోండి. ఆ ఇంటివాళ్లు ఆ రోజు పొయ్యి వెలిగించనక్కర్లేకుండా చూస్తే, మరుసటి ఏడాది చందా అడగకుండానే వస్తుంది. 1959లో డెట్రాయిట్‌లో రామల్లా సమాఖ్య ఏర్పడింది. నేను దగ్గరగా చూసినంతలో, మనుషులను దాంట్లో పట్టి ఉంచింది ఉపన్యాసాలు కావు, ఇలాంటి రాకపోకలే. ఏటా జరిగే మహాసభకు సగం మంది పిల్లలకు సంబంధాలు చూడటానికే వస్తారు. వాళ్లను చూసి విసుక్కోకు, మీ అమ్మానాన్నలు అక్కడే కలిశారు.

డబ్బు దగ్గర మాత్రం మొహమాటం వద్దు. మా మొదటి కోశాధికారి నిజాయితీపరుడే. చందాలన్నీ తన సొంత ఖాతాలో వేసుకున్నాడు, లెక్క తన తలలోనే పెట్టుకున్నాడు. ఒక రాత్రి నిద్రలోనే పోయాడు. ఆ డబ్బు బయటికి రావడానికి రెండేళ్లు పట్టింది, ఆయన భార్యను అడగడానికి వెళ్లిన రోజు నాకు నేల చీలితే బాగుండుననిపించింది. అందుకే సంఘాన్ని నమోదు చేయించి, సేవా సంస్థలకు ఇచ్చే 501(సి)(3) పన్ను మినహాయింపు తెచ్చుకుని, దాని పేరునే ఖాతా తెరవండి. ప్రతి చెక్కు మీదా రెండు సంతకాలుండాలి, ఆ ఇద్దరూ ఒకే హమూలా, అంటే ఒకే వంశం, వాళ్లు కాకూడదు. అందరం ఊరికి మూలపురుషుడైన రషీద్ హద్దాదీన్ సంతానమని గొప్పగా చెప్పుకుంటాం గానీ, అధ్యక్షుడి కుర్చీ కనపడగానే ఎవరి హమూలా వాళ్లకు గుర్తొస్తుంది. ఒకే కుటుంబం వరుసగా రెండుసార్లు ఆ కుర్చీలో కూర్చోకూడదని నియమావళిలో ఇప్పుడే రాయండి. అందరూ మంచిగా ఉన్నప్పుడే అది రాయగలరు.

1948 యుద్ధంలో లిద్దా, రమ్లా పట్టణాల నుంచి వెళ్లగొట్టబడి మన ఊళ్లో తలదాచుకున్న కుటుంబాల పిల్లలు కూడా మీ నగరంలో ఉండవచ్చు. వాళ్లను చేర్చుకోవాలా అనే ప్రశ్న వస్తుంది. మన జానపద నృత్యం దబ్కెకు రమ్మంటారు, ఓటు దగ్గర ఆగిపోతారు. నన్నడిగితే ఓటు కూడా ఇవ్వాలి. నా వయసు వాళ్లలో చాలామంది ఒప్పుకోరు, వాళ్లతో ఈ ముసలాయన పేరు చెప్పి వాదించు.

పుస్తకంలో మొదటి పేజీ మీ అమ్మకు కేటాయించు. ఆమె రామల్లా వదిలిన సంవత్సరం నాకు తెలుసు, అయినా ఆమెనే అడుగు. ఒక మధ్యాహ్నం పడుతుంది, కాఫీ ఎక్కువగా కాయించు.

మీ మామయ్య