శాండ్ క్రోకస్ చూడ్డానికి వస్తున్న మా చిన్నికి

చిన్నీ,

ఏప్రిల్లో ఇంగ్లాండ్‌లో మా ఎక్సెటర్ వస్తున్నామన్నావు కదా, ఇక్కడికి దగ్గర్లో సముద్రపు ఒడ్డునున్న డావ్లిష్ వారెన్ నేచర్ రిజర్వ్‌లో శాండ్ క్రోకస్ అనే చిన్న పువ్వు చూడాలని ఉందన్నావు, చాలా సంతోషం వేసిందమ్మా, మనవాళ్లు ఇటొస్తే బీచ్ చూసి ఐస్‌క్రీమ్ తిని వెళ్లిపోతారు తప్ప ఈ పువ్వు గురించి అడిగేవాళ్లు తక్కువ. అందుకే నాకు తెలిసిందంతా రాస్తున్నా, తీరిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు ఎండ. ఇది ఎండలోనే విచ్చుకుంటుంది, మబ్బు పట్టిందా ముడుచుకుపోతుంది, ముడుచుకుంటే బయటివైపు పచ్చగా ఉంటుంది కాబట్టి గడ్డిలో కలిసిపోయి నీ కాలి దగ్గరున్నా కనపడదు. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పూస్తుంది. అల్లుడుగారికి పొద్దున్నే లేచి బయల్దేరే అలవాటు కదా, ఆ రోజుకి మాత్రం వద్దని చెప్పు, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు లోపు అక్కడ ఉండేలా ప్లాన్ చేసుకోండి. ముందే డేట్ ఫిక్స్ చేసుకోకుండా వెదర్ యాప్ చూసుకుని ఎండ ఉన్న రోజు వెళ్లడమే మేలు, ఈ ఒక్క మాట విన్నా చాలు నాకు.

రెండోది, క్రోకస్ అనగానే పార్కుల్లో చూసే పెద్ద పువ్వు ఊహించుకోకు. ఇది సెంటీమీటరు వెడల్పు ఉంటే గొప్ప. ఆరు రేకులు, లేత ఊదా రంగు, సన్నటి గీతలు, మధ్యలో పసుపు. నిలబడి చూస్తే దొరకదు, మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే, కింద వేసుకోడానికి ఒక ప్లాస్టిక్ షీట్ తెచ్చుకో. ముందు ఆకులు వెతుకు, దారాల్లా సన్నగా మెలితిరిగి నేలకి పరుచుకుని ఉంటాయి, అవి కనిపిస్తే పువ్వు అక్కడే ఎక్కడో ఉంటుంది. అదే గడ్డిలో గులాబీ రంగు పువ్వు ఇంకోటి ఉంటుంది, దానికి ఐదే రేకులు, రేకులు లెక్కపెడితే కన్ఫ్యూజన్ ఉండదు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఉంటే తెచ్చుకో, లేకపోతే ఫోన్లో మ్యాక్రో మోడ్ చాలు.

గడ్డి పొట్టిగా ఉన్నచోటే వెతుకు. కుందేళ్లు కొరికి గడ్డిని పొట్టిగా ఉంచుతాయి కాబట్టే ఇది బతుకుతోంది, గడ్డి ఎత్తుగా పెరిగితే ఇంత చిన్న మొక్కకి వెలుతురెక్కడిది? కొన్ని పక్కనున్న గోల్ఫ్ కోర్సులో కూడా ఉన్నాయి, అక్కడికి మాత్రం వెళ్లకండి, బంతులు తగులుతాయి, పైగా మనకి పర్మిషన్ లేదు. రిజర్వ్‌లో విజిటర్ సెంటర్ ఉంది, అక్కడ వార్డెన్లని అడిగి, వాళ్లు చెప్పిన దారిలోనే వెళ్లండి.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సింది చెప్తా. మనకి ఎవరింటికెళ్లినా ఒక కొమ్మో దుంపో అడిగి తెచ్చుకునే అలవాటు ఉంది, నాకూ ఉంది, కానీ ఇక్కడ ఒక్క ఆకు కూడా తుంచొద్దు. ఇది చట్టం ప్రొటెక్ట్ చేసిన మొక్క, 1981 నాటి బ్రిటిష్ వైల్డ్‌లైఫ్ అండ్ కంట్రీసైడ్ చట్టం కింద కోసినా తవ్వినా నేరం. చట్టం సంగతి అలా ఉంచు, భూమిలో దీనికి చిన్న దుంప ఉంటుంది, ఉల్లిపాయలా పొరలు కాదు, చేమదుంపలా లోపలంతా గట్టిగా ఉంటుంది, ఏటా పాతది కరిగిపోయి దాని మీద కొత్తది తయారవుతుంది. ఆ కొత్తదానికి తిండి పెట్టేది ఈ ఏటి ఆకులే, అందుకే ఆకులు నలిగితే వచ్చే ఏడాది పువ్వుకి దెబ్బే, నువ్వు ఆ పువ్వు చూడకపోయినా సరే ఆకులు తొక్కొద్దు. వేసవికి పైన ఏమీ మిగలదు, దుంప మాత్రం ఇసుకలో పడుకుని ఉంటుంది. జెర్సీ, గర్న్సీ దీవుల్లో, మెడిటరేనియన్ ఒడ్డునా ఇది చాలానే ఉంది, ఇంగ్లాండ్‌లో మాత్రం ఇక్కడ కాక కార్న్‌వాల్‌లో కొంచెం, అంతే. మరి జాగ్రత్తగా ఉండక్కర్లేదా?

ఎక్సెటర్ సెయింట్ డేవిడ్స్ స్టేషన్లో డావ్లిష్ వారెన్ వెళ్లే రైలెక్కండి, ఎడమవైపు సీట్లు చూసుకోండి, ఎక్స్ నది పక్కనుంచే వెళ్తుంది, చాలా బాగుంటుంది. గాలి మాత్రం ఎండలో కూడా చలిగా కొడుతుంది, పిల్లాడికి టోపీ మర్చిపోకు. రెండు మూడు రోజులు ఖాళీ ఉంచుకుని ఏ రోజు ఎండ వస్తుందో చూసి ముందురోజు రాత్రి నాకు ఫోన్ చెయ్యి, నేనూ వస్తా, పులిహోర చేసుకొస్తా.

మీ పెద్దమ్మ