పెళ్లితో మారిన ఇంటిపేరు, పశ్చిమానికి వెళ్లిన ఇంగ్లండు స్త్రీ

ప్రశ్న: పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి అమెరికా పశ్చిమ ప్రాంతాలకు వలస వెళ్లిన స్త్రీల ఇంటిపేర్లు పెళ్లితో మారిపోయేవి కదా. వారి కుటుంబ చరిత్రను ఇప్పుడు ఎలా తెలుసుకుంటారు?

జవాబు: ఆమె చివరి రోజుల నుంచి మొదలుపెట్టి, పుట్టిన ఊరి వైపు వెనక్కి నడవాలి. 1900 అమెరికా జనగణనలో వలస వచ్చిన సంవత్సరంతో పాటు, ఎందరు పిల్లలను కన్నదీ, ఎందరు బతికి ఉన్నదీ నమోదు చేశారు. తొమ్మిది, నాలుగు అని పక్కపక్కనే రెండు అంకెలు కనబడితే, ఐదుగురు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి కథ ఆ ఒక్క వరుసలోనే ఉన్నట్టు. 1890 జనగణన పత్రాలు 1921 నాటి అగ్నిప్రమాదం కారణంగా దాదాపుగా మిగలలేదు.

ఆ లోటును తీర్చేవి భూమి పత్రాలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం వితంతువులు, ఇరవై ఒక్క ఏళ్లు నిండిన అవివాహితలు కూడా 160 ఎకరాల వరకు ప్రభుత్వ భూమిని కోరగలిగేవారు. అక్కడే ఉండి ఐదేళ్లు సాగు చేయాల్సి ఉండేది. ఇంటి కొలతలు, దున్నిన ఎకరాలు, ఇరుగుపొరుగు వారి సాక్ష్యం అన్నీ ఆ దస్త్రంలో దొరుకుతాయి. నా దృష్టిలో వీటికి మించిన ఆధారం లేదు. అయితే 1855 చట్టం వల్ల అమెరికా పౌరుణ్ణి పెళ్లాడిన స్త్రీకి పౌరసత్వం తనంతట తానే వచ్చేది కనుక, ఆమె పేరిట విడిగా పౌరసత్వ పత్రం లేకపోవచ్చు. భర్త పత్రాలు వెతకాలి.

ఇంగ్లండులో పౌర నమోదు (జనన, వివాహ, మరణాలను ప్రభుత్వం నమోదు చేయడం) 1837 జూలై 1న మొదలైంది. అక్కడి జనన పత్రంలో తల్లి పుట్టింటి పేరు, వివాహ పత్రంలో తండ్రి పేరు, వృత్తి ఉంటాయి. చదువురాని వధువైతే సంతకం చోట ఆమె చేత్తో గీసిన చిన్న గుర్తు కనిపిస్తుంది.