యానిమేషన్ కథలతో పిల్లలకు ఇంటర్నెట్ జాగ్రత్తలు నేర్పవచ్చా?

ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు బాగా పనికొస్తాయి. కాకపోతే వీడియో పెట్టేసి మన పనిలో మనం పడితే లాభం లేదు, పక్కన కూర్చోవాలి.

కథలో ముక్కూమొహం తెలియనివాడు కుందేలు పిల్లతో "గేమ్‌లో డైమండ్స్ ఊరికే ఇస్తా, మీ నాన్న ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పు" అన్నాడనుకోండి. అక్కడే వీడియో ఆపి "నువ్వైతే ఏం చేస్తావు నాయనా?" అని అడగండి. అసలు పాఠం ఆ జవాబులోనే మొదలవుతుంది. మా కడపలో చాలా ఇళ్లల్లో పిల్లలు ఆడుకునేది అమ్మానాన్నల ఫోన్‌లోనే, ఫోన్‌పే ఉండేదీ అందులోనే. అందుకే ఓటీపీ కథ ముందు చూపించమంటాను.

తర్వాత ఫోటోలు అడిగేవాళ్ల కథ. "మీ అమ్మకు చెప్పొద్దు" అని ఎవరైనా అంటే, ముందు అమ్మకే చెప్పాలని నేర్పండి. చెబితే తిట్టరనే నమ్మకం కూడా ఉండాలి, లేకపోతే పిల్లలు దాచేస్తారు. మరీ భయపెట్టే కథలు నాకు నచ్చనిది అందుకే.

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, పిల్లల్ని ఎవరైనా వేధిస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.