కొత్త రివాల్వర్ మీద ఇంకో 65 వేలు పెట్టాలా?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు నడుపుతున్నాను. వయసు 41. సీజన్లో రోజూ నగదుతో తిరగాల్సి వస్తుందని లైసెన్స్ తీసుకుని, ఈ మధ్యే పాయింట్ 32 బోర్ చిన్న రివాల్వర్ కొన్నాను. ట్రిగ్గర్ గట్టిగా ఉంది, వెనక తూటాను కొట్టే హ్యామర్ కొన చొక్కాకు తగులుకుంటోంది. స్ప్రింగ్ మార్పించి, హ్యామర్ కొన కోయించి, పిడి కొత్తది వేయిస్తే బాగుంటుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. అంతా కలిపి 65 వేలట. డబ్బు చేతిలో ఉంది. పెట్టమంటారా? ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. బీమా అంటే 5 లక్షల పాలసీ ఒకటే ఉంది.

జవాబు: ఇప్పుడే పెట్టకండి. పిడి ఒక్కటి చేతికి నప్పకపోతే మార్చుకోండి. మిగతా రెండు పనులూ వద్దు.

ముందు ట్రిగ్గర్ సంగతి. రివాల్వర్‌కు సాధారణంగా విడిగా సేఫ్టీ మీట ఉండదు. ట్రిగ్గర్ గట్టిగా, దూరం లాగాల్సి రావడమే దానికి సేఫ్టీ. నడుముకో జేబులోనో పెట్టుకుని, స్కూటర్ ఎక్కి దిగుతూ, మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య దూరి వెళ్లే మనిషికి ఆ గట్టిదనం అవసరం. పైగా స్ప్రింగ్ మెత్తబడితే హ్యామర్ దెబ్బ కూడా మెత్తబడుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో నా దగ్గరికి వచ్చే ఒక వ్యాపారి ఇలాగే స్ప్రింగ్ మార్పించారు. కాల్పుల సాధన చేసే రేంజ్‌కు తీసుకెళ్తే ఆరు తూటాల్లో రెండు పేలలేదు. వాటిని తెచ్చి నా బల్ల మీద పెట్టి చూపించారు. తూటా అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే ప్రైమర్ మీద గోటితో నొక్కినంత గాటు, అంతే. పేలినవాటి మీద అదే గాటు లోతుగా, గుండ్రంగా ఉంది. ఆపదలో అక్కరకు వస్తుందని కొన్న వస్తువును డబ్బిచ్చి మరీ నమ్మలేని వస్తువుగా మార్చుకున్నారాయన. పాత స్ప్రింగ్ తిరిగి వేయించడానికి మళ్లీ ఖర్చు.

హ్యామర్ కొన కోయిస్తే అది మళ్లీ అతకదు. చొక్కాకు తగులుకోవడం తుపాకీ లోపం కాదండీ, దాన్ని పెట్టుకునే పద్ధతిది. హ్యామర్‌ను కప్పే పట్టీ ఉన్న మంచి తోలు హోల్‌స్టర్ (తుపాకీ ఒర) తీసుకుంటే సరిపోతుంది. ఆ తర్వాత కూడా ఇబ్బందిగా ఉంటే అప్పుడు ఆలోచించండి.

చట్టం గురించి కూడా చెప్పాలి. ఆయుధాల చట్టం 1959 ప్రకారం తుపాకీ మరమ్మతు చేయాలంటే చేసేవాడికి ఆ పనికి లైసెన్స్ ఉండాలి. 'మా వాడు ఇంట్లోనే చేసేస్తాడు' అనే మాట వింటే అక్కడి నుంచి వచ్చేయండి. బ్యారెల్ (తుపాకీ గొట్టం) పొట్టి చేయిద్దామనే సలహా కూడా ఎవరైనా ఇస్తారేమో, అసలు చెవిన పెట్టకండి. అనుమతి లేకుండా బ్యారెల్ కోస్తే, 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్ల జైలు దగ్గర మొదలవుతుంది. ఏ చిన్న పనికైనా లైసెన్స్ ఉన్న ఆయుధాల వ్యాపారి దగ్గర రసీదు తీసుకుని దాచుకోండి.

ఇక డబ్బు లెక్క. ఈ రకం చిన్న రివాల్వర్ చవకైన వస్తువు కాదు. 2014లో కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ నుంచి 500 గ్రాముల 'నిర్భీక్' వచ్చినప్పుడే ధర 1,22,360 రూపాయలు. అంత పెట్టి కొన్నదాని మీద ఇంకో 65 వేలు పెడితే, అమ్మే రోజున ఆ 65 వేలకు విలువ కట్టేవాడు ఉండడు. కొనేవాడికి కూడా లైసెన్స్ ఉండాలి కాబట్టి కొనేవాళ్లే తక్కువ. వాళ్లలోనూ చాలామంది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నదాన్ని కోరుకుంటారు. కోసిన హ్యామర్ చూస్తే ధర తగ్గించి అడుగుతారు.

పిడి మాటకు వస్తే, ఎంత తేలికైన రివాల్వర్ అయితే అంత వెనక్కి తంతుంది. రేంజ్‌లో ఓ ఇరవై తూటాలు కాల్చి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చూసుకోండి. ఎర్రగా కందితే రబ్బరు పిడి వేయించుకోండి. చాలా మోడళ్లలో స్క్రూ విప్పితే పాత పిడి వచ్చేస్తుంది, లోపలి భాగాల జోలికి పోనక్కర్లేదు. పాతది దాచి ఉంచండి. పిడి, హోల్‌స్టర్, లైసెన్స్ కోటాలో దొరికే తూటాలతో సాధన, వీటికి ఒక 15 వేలు పక్కన పెట్టుకోండి.

మిగిలిన 50 వేల గురించే నా అసలు ఆలోచన. మీకు ప్రమాదం తెచ్చేది నగదు సంచి. ఆ సంచి బరువు తగ్గించకుండా ట్రిగ్గర్ బరువు తగ్గిస్తే మీ ఇంట్లోవాళ్లకు టెన్షన్ తగ్గదు. 2024 సంగతి గుర్తు చేసుకోండి. మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, ఫలితాలు జూన్ 4న వచ్చాయి. కోడ్ వస్తే లైసెన్స్ ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో అప్పగించమని సాధారణంగా చెబుతారు. యార్డు కిటకిటలాడే రోజులే అవి. అలాంటి సీజన్ మళ్లీ వచ్చి అప్పగించాల్సి వస్తే ఎంత ముస్తాబు చేయించిన రివాల్వరైనా స్టేషన్ బీరువాలోనే ఉంటుంది, సంచి మాత్రం మీ చేతిలో ఉంటుంది.

రైతుకు నగదే కావాలని మీరంటారు, నాకు తెలుసు. ఖాతాలో వేస్తే పాత పంట రుణం కింద బ్యాంకు పట్టేసుకుంటుందేమోనని వాళ్ల భయం. ఆ భయం ఉన్నవాళ్లకు నగదు ఇవ్వండి. మిగతావాళ్లకు కాటా పూర్తవగానే అక్కడే కూర్చోబెట్టి ఖాతాలో వేసి, మెసేజ్ చూపించి పంపండి. ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో దానికి డబ్బు పంపే నెఫ్ట్ 2019 డిసెంబర్ నుంచీ, పెద్ద మొత్తాలకు వాడే ఆర్టీజీఎస్ 2020 డిసెంబర్ నుంచీ రాత్రీ పగలూ పనిచేస్తున్నాయి. కొనుగోలుదారుల దగ్గర నుంచి మీకు రావాల్సింది మాత్రం నగదుగా వద్దే వద్దు. ఒకరి దగ్గర ఒక రోజులో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం 2017 నుంచి నిషేధం. దొరికితే తీసుకున్న మొత్తమంతా జరిమానాగా కట్టాలి.

మీరు చెప్పినవాటిలో నన్ను కలవరపెట్టింది ఆ 5 లక్షల పాలసీ. తుపాకీ పెట్టుకుని తిరగాల్సినంత ప్రమాదం ఉందనుకునే మనిషి, ఇద్దరు పిల్లలకు 5 లక్షలు మాత్రమే మిగిల్చితే ఎలా? కోటి రూపాయల టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మీకేమైనా అయితే ఇంటివాళ్లకు ఆ మొత్తం ఇచ్చేది, వెంటనే తీసుకోండి. మీ వయసుకు, ఆరోగ్యం బాగుంటే ఏడాదికి సుమారు 20 నుంచి 30 వేలు అవుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. దరఖాస్తులో మీ వృత్తి, రివాల్వర్ లైసెన్స్ గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచితే రేపు క్లెయిమ్ దగ్గర ఇంట్లోవాళ్లు తిరగాల్సి వస్తుంది.

మిగిలినదాంతో నగదు రవాణా బీమా, 'మనీ ఇన్ ట్రాన్సిట్' అంటారు, తీసుకోండి. ఒక్కో విడత గరిష్ఠంగా ఎంత తీసుకెళ్తారు, ఏడాది మొత్తంలో ఎంత తిప్పుతారు అన్నదాన్ని బట్టి ప్రీమియం కడతారు. సంతకం పెట్టేముందు ఒక్కటి అడగండి: బ్యాంకు నుంచి కొట్టు దాకేనా, రాత్రి కొట్టు కట్టేశాక ఇంటికి తీసుకెళ్లే డబ్బుకూ వర్తిస్తుందా అని. వర్తిస్తుందని నోటిమాటగా చెబితే ఒప్పుకోకండి, పాలసీ కాగితంలో ఆ దారి రాయించుకోండి.