బీఎస్సీ ఎంఎల్‌టీ: ల్యాబ్ పోస్టింగులకు వెళ్లేముందు

ఎంబీబీఎస్ సీటు రాక బీఎస్సీ ఎంఎల్‌టీలో (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చేరానని, వచ్చే నెల నుంచి ఆసుపత్రి ల్యాబ్‌లో పోస్టింగులు మొదలవుతాయని రాశారు. అన్నీ మెషీన్లే చేసేస్తుంటే అక్కడ మేం నేర్చుకునేది ఏముంటుంది, థియరీ ఎప్పుడు చదవాలి అని అడిగారు. నేనూ ఇదే కోర్సు కోస్తాలో ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో చదివాను. ఇప్పుడు ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ సెక్షన్ చూస్తున్నాను. పోస్టింగులకు వచ్చే పిల్లలు నా పక్కనే కూర్చుంటారు. రెండు వైపులా చూసినదాన్ని కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు మెషీన్ సంగతి. ట్యూబ్‌లో ఏముందో కొలవడం వరకే ఎనలైజర్‌కి తెలుసు. ఆ రక్తం ఎవరిది, ఏ చేతి నుంచి తీశారు, తీసి ఎంతసేపయింది, ఏ ట్యూబ్ తర్వాత ఏ ట్యూబ్ నింపారు అన్నవి దానికి తెలియవు. అయినా అంకె మాత్రం ఇచ్చేస్తుంది. ఆ అంకె ఈ పేషెంటుదేనా, ఒంట్లో నిజంగా అంత ఉందా అని అనుమానించాల్సింది బెంచ్ దగ్గర ఉన్న మనిషే. ఈ కోర్సులో అన్నిటికంటే విలువైన చదువు ఈ అనుమానమేనని నా నమ్మకం. అది పోస్టింగుల్లోనే పట్టుబడుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. సీరం పొటాషియం 8.9 వచ్చిందనుకోండి. అంత ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది, ప్రాణం మీదికి వచ్చినట్టే. వార్డుకి ఫోన్ చేస్తే పేషెంటు లేచి కూర్చుని టిఫిన్ చేస్తున్నాడంటారు. అప్పుడు అదే శాంపిల్‌లో కాల్షియం చూడాలి. అది 5 దగ్గరికి పడిపోయి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ కూడా బాగా తక్కువ వస్తే సంగతి దాదాపు తేలిపోయినట్టే. పర్పుల్ ట్యూబ్‌లో ఉండేది పొటాషియం ఈడీటీఏ, రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం. సీరం కోసం తీసే యెల్లో ట్యూబ్‌కి రక్తం చాలలేదని ఎవరో పర్పుల్ ట్యూబ్‌లోంచి కొంచెం ఒంపి ఉంటారు. ఈడీటీఏతో వచ్చిన పొటాషియం కలిసి అంకె పెరిగింది. కాల్షియాన్ని ఈడీటీఏ పట్టేసుకుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పనిచేయడానికి కావాల్సిన జింక్, మెగ్నీషియంలను కూడా పట్టుకుంది కాబట్టి అదీ తగ్గింది. ఆ రిపోర్ట్ అలాగే పైకి వెళ్తే పొటాషియం మామూలుగా ఉన్న మనిషికి దాన్ని తగ్గించే మందులు పడతాయి. అందుకే కొత్త శాంపిల్ అడిగి మళ్లీ రన్ చేస్తాం. హీమోలైజ్ అయిన, అంటే ఎర్రకణాలు పగిలిపోయిన శాంపిల్‌లోనూ పొటాషియం పెరుగుతుంది. అయితే అక్కడ సీరం ఎర్రగా కనిపిస్తుంది, కాల్షియం ఇలా కూలిపోదు. ఈ తేడా వైవాలో అడిగితే చాలామంది గడగడా చెప్తారు. అర్ధరాత్రి డ్యూటీలో, ముందు నలభై శాంపిల్స్ ఉన్నప్పుడు గుర్తుకు రావాలంటే మాత్రం చేత్తో చేసి ఉండాలి, కంటితో చూసి ఉండాలి.

అందుకే కలెక్షన్ కౌంటర్‌లో వేస్తే చిన్నబుచ్చుకోకండి. "డిగ్రీకి వచ్చి సూదులు పొడుస్తున్నాం" అని పిల్లలు బాధపడటం చూశాను. ల్యాబ్‌లో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం శాంపిల్ మెషీన్ దాకా రాకముందే జరిగిపోతాయి. బ్లడ్ కల్చర్ బాటిల్, తర్వాత బ్లూ, తర్వాత రెడ్ లేదా యెల్లో, గ్రీన్, పర్పుల్, చివర గ్రే: ఈ వరుస చేతికి అలవాటు కావాలి. బ్లూ ట్యూబ్‌లో గడ్డకట్టకుండా ఆపే ద్రవం, ఒక వంతు సిట్రేట్‌కి తొమ్మిది వంతుల రక్తం పడాలి. గీత దాకా నిండకపోతే రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే పీటీ, ఏపీటీటీ నిజంగా పెరగకపోయినా పెరిగినట్టు వస్తాయి. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీయకూడదు. గ్రే ట్యూబ్‌లోని ఫ్లోరైడ్ ఎందుకంటే, సీరం వేరు చేయకుండా ఊరికే ఉంచిన రక్తంలో కణాలు గ్లూకోజ్‌ని తింటూనే ఉంటాయి. గంటకి 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది.

పేరు అడిగే పద్ధతి కూడా అక్కడే నేర్చుకోవాలి. "మీరు లక్ష్మిగారేనా?" అని అడగకండి. సగం వినబడని పెద్దావిడ ఎవరైనా "ఆఁ" అంటుంది. "మీ పేరు చెప్పండమ్మా, వయసెంత?" అని అడిగి, వాళ్ల నోటితో చెప్పించుకుని, ఓపీ చీటీతో సరిచూసి, వాళ్ల ముందే ట్యూబ్ మీద రాయాలి. మన దగ్గర ఒకే రోజు ఒకే ఇంటిపేరుతో ముగ్గురు లక్ష్ములు వస్తారు. వాళ్లలో ఒకరిది రక్తం ఎక్కించేముందు చేసే క్రాస్‌మ్యాచ్ శాంపిల్ కావొచ్చు.

అయితే ఒక మాట. కొన్నిచోట్ల విద్యార్థుల్ని నెలల తరబడి కలెక్షన్‌లోనో, బార్‌కోడ్లు అంటించే పనిలోనో ఉంచేస్తారు. మా బ్యాచ్‌లో కొందరికి ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో అదే జరిగింది, మైక్రోబయాలజీ బెంచ్ ముఖం చూడకుండానే ఆ పోస్టింగ్ అయిపోయింది. అలా జరిగితే ఊరుకోకండి. పోస్టింగ్ షెడ్యూల్ కాపీ దగ్గర పెట్టుకుని, నలుగురూ కలిసి మీ హెచ్‌ఓడీని రాతపూర్వకంగా అడగండి. అది మీ హక్కు.

హెమటాలజీలో ఉన్నప్పుడు డెంగీ సీజన్ వస్తే అదృష్టమనుకోండి, కష్టమైనా సరే. సీబీపీలో (రక్తకణాల లెక్క) ప్లేట్‌లెట్స్ 22,000 అని వస్తుంది. ఇంటిల్లిపాదీ దాతల కోసం పరుగులు మొదలుపెడతారు. మంచి టెక్నీషియన్ ఆ రిపోర్ట్ వదిలేముందు ట్యూబ్‌లో క్లాట్ ఉందేమో చూస్తారు. తర్వాత స్లైడ్ మీద రక్తపు చుక్కని పలచగా పరిచి స్మియర్ చేసి, లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేసి, ముఖ్యంగా స్మియర్ అంచుల్లో, తోక దగ్గర వెతుకుతారు. కొందరి రక్తంలో ఈడీటీఏ వల్లే ప్లేట్‌లెట్స్ గుంపులు కడతాయి. మెషీన్ ఆ గుంపును ప్లేట్‌లెట్స్‌గా లెక్కపెట్టదు. సిట్రేట్ ట్యూబ్‌లో మళ్లీ తీసి, సిట్రేట్ ద్రవంతో రక్తం పలచబడినందుకు వచ్చిన కౌంట్‌ని 1.1తో గుణిస్తే చాలాసార్లు అసలు సంఖ్య దొరుకుతుంది. డెంగీలో నిజంగా పడిపోయేవాళ్లే ఎక్కువ, అందులో సందేహం లేదు. కానీ ఆ స్లైడ్ చూడకుండా ఎవరిది నిజమో చెప్పలేం.

మైక్రోస్కోప్ దగ్గర ఎంత ఎక్కువసేపు కూర్చుంటే అంత మంచిది. మీ సీనియర్ పాజిటివ్ మలేరియా స్లైడ్ దొరికిందంటే అన్నం పక్కన పెట్టి వెళ్లండి. ఎర్రకణం మీద పడ్డ ప్లేట్‌లెట్‌కీ, ఉంగరంలా కనిపించే మలేరియా పరాన్నజీవి రింగ్ ఫామ్‌కీ తేడా ఎన్ని బొమ్మలు చూసినా తెలియదు, ఫైన్ ఫోకస్ తిప్పుతూ చూడాల్సిందే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించింది మన సికింద్రాబాద్‌లోనే. ఆయన దగ్గర ఉన్నదీ ఒక మైక్రోస్కోపు, ఓపిక. కఫం స్లైడ్ విషయంలోనూ అంతే. టీబీ నెగెటివ్ అని రాయాలంటే 100 ఫీల్డులు చూసి ఉండాలి. ఆ వందలో 1 నుంచి 9 బ్యాసిల్లై (టీబీ బ్యాక్టీరియా) కనిపిస్తే స్కాంటీ, 10 నుంచి 99 అయితే 1+. ఇరవై ఫీల్డులు చూసి నెగెటివ్ రాసేస్తే ఆ మనిషి మందులు లేకుండా ఇంటికి వెళ్లి, పసిపిల్లల పక్కనే పడుకుంటాడు.

బ్లడ్ బ్యాంక్, హిస్టోపాథాలజీ పోస్టింగులు మీ కాలేజీని బట్టి ఉంటాయి. చెప్పింది చెప్పినట్టు చేయండి, సొంత తెలివి వద్దు.

క్యూసీ, అంటే మెషీన్ సరిగా కొలుస్తోందా అని చూసుకోవడం, మాత్రం వదలకండి. పేషెంట్ శాంపిల్స్ పెట్టకముందే ఉదయం విలువ ముందే తెలిసిన శాంపిల్స్, అంటే కంట్రోల్స్ రన్ చేస్తారు. విద్యార్థులు సాధారణంగా ఆ టైమ్‌కి రారు. మీరు అరగంట ముందు వెళ్లి, ఆ అంకెల్ని పాయింట్లుగా పెట్టే లెవీ జెన్నింగ్స్ చార్ట్ చూపించమని అడగండి. ఒక పాయింట్ 3ఎస్‌డీ (సగటు నుంచి మరీ దూరమైన హద్దు) దాటితే ఎవరైనా గమనిస్తారు. వరసగా పది పాయింట్లు సగటుకి ఒకే వైపు పడుతుంటే, అన్నీ లిమిట్స్‌లోనే ఉన్నా, రీజెంటో క్యాలిబ్రేషనో పక్కకి జరుగుతోందని పసిగట్టడం వేరే విద్య.

ఇక థియరీ. పోస్టింగ్ అయ్యాక రాత్రి పుస్తకం మొదటి పేజీ నుంచి చదవాలంటే కుదరదు, నిద్ర వస్తుంది. ఆ రోజు బెంచ్ మీద చూసింది మాత్రమే ఆ రాత్రి చదవండి. ఫాస్ఫరస్ చేశారా, ఆ ఒక్క మెథడ్ తీయండి. అక్కడ ఫిస్కే, సుబ్బారావు అని ఉంటుంది. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, ఆ పద్ధతి 1925లో అచ్చయింది. ఇప్పటి ఎనలైజర్లు చాలావరకు ఆ పాత పద్ధతిలోలా నీలిరంగు వచ్చేదాకా పోకుండా 340 నానోమీటర్ల దగ్గరే చదివేస్తాయి కానీ, ఫాస్ఫేట్‌ని మాలిబ్డేట్‌తో కలిపే మొదటి మెట్టు అదే. అది చదివిన రోజు నాకు ఎంబీబీఎస్ రాలేదన్న బాధ సగం తగ్గింది. ఆ బాధ మీకూ ఉంటుంది, దాచుకోనక్కర్లేదు. పని చేతికి వస్తున్నకొద్దీ దానంతటదే పలచబడుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, హెపటైటిస్ బి టీకా ఒక ఎత్తు. వేయించుకోకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకి టీకా పట్టిందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ చేయించుకోండి, 10 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. వాడిన సూదికి మూత పెట్టే ప్రయత్నం చేయకండి. గుచ్చుకుంటే వేలు పిండకుండా సబ్బు నీళ్లతో కడిగి, ఆ క్షణమే ఇన్‌ఛార్జికి చెప్పండి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే పీఈపీ మందులు గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం ఉండదు. తిడతారని భయపడి ఇంట్లో కూర్చునే పిల్లలుంటారు. తిట్టనివ్వండి.

చివరగా లాగ్ బుక్. ఎమ్మెస్సీ అయినా, ఉద్యోగమైనా అది పనికొస్తుంది. బ్రిటన్ వెళ్లాలనుకుంటే మరీనూ. అక్కడ బయోమెడికల్ సైంటిస్ట్ అనిపించుకోవాలంటే హెచ్‌సీపీసీ అనే ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ రిజిస్టర్‌లో పేరుండాలి. బయటి దేశాలవాళ్లు ఏం చదివారు, ఏ సెక్షన్‌లో ఏం చేశారు అన్నది వివరంగా చూపించాలి. "హెమటాలజీ, నెల రోజులు" అని రాస్తే సరిపోదు. తేదీ, టెస్ట్, మెథడ్, మీరు చేశారా చూశారా, ఆ రోజు తేడాగా వచ్చిన రిజల్ట్ ఏదైనా ఉంటే దాని కారణం రాసి, కింద సీనియర్ సంతకం తీసుకోండి. సంతకం ఏ రోజుది ఆ రోజే పెట్టించుకోండి, నెలాఖరుకి ఆ సార్‌కి వేరే చోటికి ట్రాన్స్‌ఫర్ అయిపోవచ్చు.