‘ఖాళీగానే ఉందండీ’ అన్న తర్వాత కూడా ఎందుకు చూసుకోవాలి?

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. గ్రీన్ కార్డు వచ్చాక, ఇంటి రక్షణకు ఒక పిస్టల్ కొందామని మొదటిసారి తుపాకుల దుకాణానికి వెళ్లాను. కౌంటర్ వెనక ఉన్న పెద్దాయన పిస్టల్ తెరిచి, లోపల ఏమీ లేదని చూపించి నా చేతికిచ్చారు. గురి ఎలా కనిపిస్తుందో చూద్దామని పక్కకు తిరిగి ఎత్తి పట్టుకోగానే అక్కడున్న ఇద్దరు చటుక్కున వెనక్కి జరిగారు; పెద్దాయన గట్టిగా వారించారు. నలుగురిలో తల కొట్టేసినట్లయింది. తర్వాత ఇంకో పిస్టల్ ఇస్తూ, ‘మీరు కూడా ఒకసారి చూసుకోండి’ అన్నారు. ఆయన చూసి ఇచ్చినదాన్ని నేను మళ్లీ చూస్తే ఆయనను అనుమానించినట్లు కాదా?

జవాబు: కాదు. చూడకుండా పుచ్చుకుంటేనే ఆయనకు మీమీద అనుమానం కలుగుతుంది. ఎదుటివారు ఇచ్చిన నోట్లను వాళ్ల ముందే లెక్కపెట్టుకోవడానికి మొహమాటపడి జేబులో పెట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. తుపాకీ చేతులు మారే చోట ఆ మొహమాటం పనికిరాదు. ఇచ్చేవారు చూస్తారు, పుచ్చుకునేవారు చూస్తారు, తిరిగి ఇచ్చేటప్పుడు ఇద్దరూ మళ్లీ చూస్తారు. కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నవారికి ఇది కొత్త కాదు. రైఫిల్‌ను తన చేత్తోనే ఇచ్చిన ఉస్తాద్ (శిక్షకుడు), కాల్పులు పూర్తయ్యాక ‘జాంచ్ శస్త్ర్’ (ఆయుధాల తనిఖీ) అంటూ వరుసలో ఒక్కొక్కరి బోల్ట్ తెరిపించి లోపలికి తొంగిచూస్తుంటే, ఆయన మమ్మల్ని నమ్మడం లేదని మాలో ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

అమెరికాలో తుపాకీ పట్టడం నేర్పే చోట్ల వినిపించే నాలుగు నియమాలకు ఇప్పుడున్న రూపం ఇచ్చినవారు జెఫ్ కూపర్. ఆయన 1976లో అరిజోనాలో గన్‌సైట్ అనే శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పారు. ఏ తుపాకీనైనా తూటా ఉన్నదిగానే భావించాలి. నాశనం చేయదలచుకోని దేనివైపూ గొట్టాన్ని తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. లక్ష్యమేమిటో, దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. మీరు తప్పినది రెండోది. అయితే ‘ఖాళీదే కదా’ అన్న ధీమా మొదటిదాన్ని మరచిపోవడం వల్ల వచ్చింది కనుక, జవాబు అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

2013 జనవరి 19న ఒహాయో రాష్ట్రంలోని మెడీనాలో జరిగిన తుపాకుల ప్రదర్శనలో, ఒక వ్యాపారి తాను అప్పుడే కొన్న పిస్టల్‌ను పరీక్షిస్తూ ట్రిగ్గర్ నొక్కగా అది పేలి మరొకరు గాయపడ్డారు. తూటాలు నింపే మ్యాగజైన్ తీసివేసే ఉంది. ఛాంబర్‌లో మాత్రం ఒక తూటా మిగిలిపోయింది. నిత్యం తుపాకులతో మెలిగే మనిషికే ఇది జరిగిందన్నది గమనించండి. పిస్టల్‌లో తూటాలు ఉండేది రెండు చోట్ల: పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో, గొట్టం మొదట్లో ఉండే ఛాంబర్‌లో. మ్యాగజైన్ తీసినంత మాత్రాన ఛాంబర్ ఖాళీ కాదు. అందువల్ల ముందు మ్యాగజైన్ తీయాలి. ఆ తర్వాత స్లైడ్‌ను, అంటే పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే భాగాన్ని, పూర్తిగా వెనక్కి లాగి అక్కడే నిలిపి, ఛాంబర్‌లోకి కంటితో చూసి, చిటికెన వేలి కొసతో తడిమి నిర్ధారించుకోవాలి. ఈ వరుస తారుమారైతే, అంటే మ్యాగజైన్ లోపల ఉండగానే స్లైడ్ లాగి వదిలితే, ఉన్న తూటా బయటపడుతుంది గానీ కింది నుంచి ఇంకొకటి ఆ చోటులోకి ఎక్కి కూర్చుంటుంది. బయట పడిన తూటాను చూసి మనిషి నిశ్చింతగా ఉంటాడు. ప్రమాదమంతా ఆ నిశ్చింతలోనే ఉంది.

ఇక మీరు పక్కకు తిరగడం సంగతి. కౌంటర్ దగ్గర నిలబడినవారికి ఎదురుగా అమ్మకందారు ఉంటాడు, రెండు పక్కలా కొనేవాళ్లు ఉంటారు, అద్దాల అరల వెనక గోడ అవతల ఎవరున్నారో తెలియదు. కాబట్టి గురి చూడాలనుకుంటే, ‘ఎటువైపు పట్టుకోమంటారు?’ అని అడగడమే పద్ధతి. పైమూలో, నేలవైపో, మనుషులు లేని ఒక దిక్కు ఆయనే చూపిస్తాడు. మీ చూపు ఎటు తిరిగినా గొట్టం ఆ దిక్కునే ఉండాలి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒళ్లంతా తిప్పేయడం మన సహజ స్వభావం. మీ విషయంలో జరిగినది బహుశా అదే.

మన ఇళ్లలో కత్తిని, కత్తెరను చేతికి అందించరు. కింద పెడితే రెండోవారు తీసుకుంటారు. చేతికిస్తే తగాదా వస్తుందని పెద్దలు చెప్పే కారణాన్ని నమ్మినా నమ్మకపోయినా, ఆ అలవాటు ఇక్కడ అచ్చంగా అక్కరకొస్తుంది. చూడటం అయ్యాక స్లైడ్ వెనక్కి నిలిపి ఉంచి, గొట్టం ఎవరివైపూ లేకుండా కౌంటర్ మీది మెత్త మీద పెట్టి చెయ్యి తీసేయండి.

ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కి చూడాలనిపించడం సహజమే, ఎంత బిగువుగా ఉందో తెలియకుండా కొనలేం కదా. అయితే అడిగి నొక్కాలి. .22 రిమ్‌ఫైర్ తుపాకుల్లో (తూటా అంచును కొట్టి పేల్చే రకం) తూటా లేకుండా నొక్కితే, తూటాను కొట్టే ఫైరింగ్ పిన్ వెళ్లి ఛాంబర్ అంచుకు కొట్టుకునే ప్రమాదం ఉంది. రివాల్వర్ సిలిండర్‌ను సినిమా హీరోలా మణికట్టు విదిలించి మూయడం మరీ దారుణం. సిలిండర్‌ను తుపాకీకి పట్టి ఉంచే లోహపు భాగం వంగిపోతుంది. ఆ వస్తువు ఇంకా మీది కాదు.

మీ సొంత తుపాకీని మరమ్మతుకో, అమ్మకానికో తీసుకువెళ్లే రోజు వస్తే దాన్ని ఇంట్లోనే ఖాళీ చేసి పెట్టెలో పెట్టి, తూటాలను విడిగా ఉంచి, లోపలికి అడుగుపెట్టగానే విషయం చెప్పి, సిబ్బంది తెరవమన్నాకే తెరవండి. మెడీనా ఘటన జరిగిన రోజునే నార్త్ కరోలినాలోని రాలీలో, ప్రదర్శన ప్రవేశద్వారం దగ్గర తనిఖీ కోసం సంచి జిప్పు తీస్తుండగా ఒక షాట్‌గన్ పేలి ముగ్గురు గాయపడ్డారు. నడుముకు పెట్టుకున్న పిస్టల్‌నైతే, ఒరలో సరిపోతుందో లేదో చూపించడానికైనా కౌంటర్ దగ్గర బయటికి తీయకూడదు.

ప్రశ్న: నాతోపాటు దుకాణానికి వస్తున్న స్నేహితుడు హెచ్-1బి వీసా మీద ఉన్నాడు. తనకు నచ్చినది నా పేరు మీద కొనిపెట్టమంటున్నాడు. కొనవచ్చా?

జవాబు: కొనకండి. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనా అన్న ప్రశ్న ఉంటుంది. అక్కడ అబద్ధం రాయడం ఫెడరల్ నేరం. ఇతరుల కోసం తమ పేరుతో కొనడాన్ని 2022లో వచ్చిన చట్టం ప్రత్యేక నేరంగా పేర్కొని 15 ఏళ్ల వరకూ జైలుశిక్ష పెట్టింది. వలసేతర వీసాపై ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా, తుపాకీ కలిగి ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. కాబట్టి మీ స్నేహితుడు కౌంటర్‌కు ఇవతల చేతులు కట్టుకుని చూడటం మేలు. ‘ఇది వాడికోసమే’ అని మీలో ఒకరు నవ్వుతూ అన్నా అమ్మకం అక్కడితో ఆగిపోవచ్చు, ఆగడమే న్యాయం.

ప్రశ్న: మా నాన్నగారు పోయారు. ఆయన లైసెన్సు మీద ఉన్న పాత డబుల్ బ్యారెల్ తుపాకీ బీరువాలోనే ఉంది. పట్నంలోని ఆయుధాల దుకాణంలో అప్పగించాలంటే ఎలా తీసుకువెళ్లాలి? (బాపట్ల జిల్లా నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీరు దాన్ని బస్సులో తీసుకువెళ్లకండమ్మా. లైసెన్సు నాన్నగారిది, మీది కాదు. ఇలాంటి ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా దగ్గరలోని పోలీసు స్టేషన్‌లో గానీ లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ అప్పగించాలని 1959 ఆయుధాల చట్టంలోని 21వ సెక్షన్ చెబుతుంది. ముందుగా స్టేషన్‌కు రాతపూర్వకంగా తెలియజేసి, తరలింపు ఎలాగో వారినే అడగండి. ఈలోగా అందులో తూటాలున్నాయో లేవో మీరు తెరిచి చూడవద్దు. పాతకాలపు కాగితపు తూటాలు తేమకు ఉబ్బి గొట్టంలో ఇరుక్కుపోతాయి. వాటిని పొడిచి తీయడం తెలిసినవారి పని. బీరువాకు తాళం వేసి తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి, పిల్లలకు అందనివ్వకండి. అప్పగించేటప్పుడు తుపాకీ మీద చెక్కిన నంబరు, తూటాల లెక్క ఉన్న రసీదు తీసుకోండి. వారసులుగా లైసెన్సుకు దరఖాస్తు చేసుకునే వీలు 2016 ఆయుధ నిబంధనల్లో ఉంది కానీ, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినవి కలిపినా ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా, ఆ రసీదును నాన్నగారి పాత లైసెన్సు పుస్తకంతో కలిపి భద్రపరచండి.