నిజం రాసినా వికీపీడియాలో ఎందుకు తొలగిస్తారు?

ఒక సంగీత విద్వాంసుడి వ్యాసంలో, ఆయన శిష్యుల నోట స్వయంగా విన్న సంగతి రాస్తే రెండుసార్లు తొలగించారని మీరు నాకు రాశారు. మొదటిసారి మూలం లేదన్నారట, రెండోసారి మీరిచ్చిన బ్లాగు చెల్లదన్నారట, పైగా తటస్థంగా లేదన్నారట. ఇది పక్షపాతం కాదా అని మీ ప్రశ్న.

పక్షపాతం వికీలో లేదని నేననను. మీ విషయంలో మాత్రం కాదనే అనుకుంటున్నాను. మీరు రాసింది నిజమే కావచ్చు, తొలగించినవారు కూడా దాన్ని నమ్మి ఉండవచ్చు. అక్కడ అడిగేది నిజమా అని కాదు, మీరెవరో తెలియని పాఠకుడు దాన్ని ఎక్కడ సరిచూసుకోవాలి అని. ఈ తేడా తలకెక్కడానికి నాకు ఒక పెద్ద అవమానం కావలసి వచ్చింది.

ఒక ఇంజనీరు వ్యాసంలో ఆయన పుట్టిన సంవత్సరాన్ని కొత్తలో నేనే చేర్చాను, జ్ఞాపకం మీద, మూలం లేకుండా. రెండేళ్ల తరువాత ఎవరో పాత సన్మాన సంచిక ఒకటి చూపించి దాన్ని మూడేళ్లు ముందుకు జరిపారు. నేను వెనక్కి తిప్పాను. ఆయన మళ్లీ మార్చారు. ఈసారి నేను ఒక దినపత్రిక వ్యాసాన్ని మూలంగా తగిలించి, ఇక నోరెత్తలేరని ధీమాగా కూర్చున్నాను. వ్యాసం గురించి మాట్లాడుకోవడానికి దాని వెంటే ఉండే చర్చా పేజీలో ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశారు: పత్రికలో ఇది ఎప్పుడు వచ్చింది? చూస్తే, నేను వికీలో రాసిన ఏడాది తరువాత వచ్చింది. అంతటితో పోలేదు. నేను ‘నైపుణ్యం’ అనవలసిన చోట ‘నైపుణ్యత’ అని రాసిన వాక్యం, ఆ తప్పుతో సహా, పత్రికలో అచ్చయి ఉంది. పత్రిక నా వాక్యాన్నే ఎత్తి రాసుకుంది, నా మాటకు నేనే సాక్షిగా వచ్చానన్నమాట! అప్పటినుంచి ఏ మూలం చూసినా ముందు తేదీ చూస్తాను, తరువాత ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే పేజీ చరిత్రలో ఆ వాక్యం ఎప్పుడు చేరిందో చూస్తాను.

శిష్యులే చెప్పారు కదా అని మీరు అనవచ్చు. అమెరికన్ నవలా రచయిత ఫిలిప్ రాత్‌కే ఈ ఇబ్బంది తప్పలేదు. తన నవల ‘ది హ్యూమన్ స్టెయిన్’కు ప్రేరణ ఎవరన్న విషయంలో ఇంగ్లీషు వికీపీడియా రాసింది తప్పని ఆయన తరఫున చెబితే, రచయిత మాట ఒక్కటే చాలదు, వేరే మూలం కావాలన్నారు. ఆయన 2012లో ‘న్యూయార్కర్’లో బహిరంగ లేఖ రాశారు. దాంతో ఆయన మాట ఎవరైనా చదివి చూసుకోగలిగే మూలమైంది. చాలామంది దీన్ని వికీ మొండితనానికి ఉదాహరణగా చెబుతారు. నాకు మాత్రం ఇందులో న్యాయం కనిపిస్తుంది. విమర్శకులు నిజంగానే ఆ నవలను మరో వ్యక్తి జీవితంతో పోల్చారు. వాళ్లు పోల్చారన్నదీ, రచయిత కాదన్నాడన్నదీ రెండూ ఉండవలసిన సంగతులే.

తటస్థత కూడా దాదాపు ఇదే. చెరిసగం పంచడం తటస్థత అనుకుంటారు చాలామంది. కాదు. పేరున్న మూలాల్లో ఒక వాదానికి ఎంత చోటు దక్కిందో వ్యాసంలోనూ దాదాపు అంతే దక్కాలి. భూమి బల్లపరుపుగా ఉందనేవారికి భూగోళం వ్యాసంలో సగం ఇవ్వనక్కర లేదు.

అసలు చిక్కంతా క్రియాపదాల్లో ఉంటుంది. ‘అన్నాడు’ అంటే గొడవ లేదు. ‘ఒప్పుకున్నాడు’ అంటే తప్పు చేశాడని మీరే తీర్పు చెప్పేశారు, ‘బుకాయించాడు’ అంటే శిక్ష కూడా వేసేశారు. ‘వెల్లడించాడు’ అన్నా అది నిజమని ముద్ర పడినట్టే. పొగడ్తకూ ఇదే వర్తిస్తుంది. మీ వాక్యంలో ‘సాటిలేని విద్వాంసుడు’ అని ఉంది. సాటిలేడని ఎవరన్నారు? ఫలానా విమర్శకుడు ఫలానా సమీక్షలో అన్నాడని రాస్తే అది సమాచారం, మీరంటే అభిమానం. (తెలుగు వికీలో ‘గారు’ తీసేసి ఏకవచనంలో రాస్తే ప్రాణం చివుక్కుమంటుంది, నాకు ఇప్పటికీ అలవాటు కాలేదు. కానీ ఎవరికి ‘గారు’ పెట్టాలి, ఎవరికి మానాలి అన్న పంచాయితీ అంతకంటే భయంకరం.)

నిర్వాహకుల మీద ఫిర్యాదు చేయాలన్న ఆలోచన మానండి. పేజీకి తాళం వేయడం, వాడుకరిని ఇక రాయకుండా నిరోధించడం వారి చేతిలో ఉంటుంది గానీ, వ్యాసంలో ఏముండాలన్న దానిపై వారి మాటకు మీ మాట కంటే ఎక్కువ తూకం లేదు. మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పడం మాత్రం వద్దు. ఇంగ్లీషు వికీలో 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకు మించి తిప్పితే నిరోధించవచ్చు, అప్పుడు మీ వాదన ఎంత సబబైనా వినేవారుండరు.

మీ బ్లాగు మూలం నిలవదు, ఎందుకంటే దాన్ని రాసినవారు తప్ప మరెవరూ దిద్దలేదు. ఆ విద్వాంసుడిపై వచ్చిన పాత పత్రికల సమీక్షలు, కచేరీల నాటి సంచికలు, పరిశోధన వ్యాసాలు వెదకండి. అంతర్జాలంలో లేకపోయినా పరవాలేదు, పత్రిక పేరు, తేదీ, పేజీ సంఖ్య ఇస్తే అచ్చు మూలమూ చెల్లుతుంది. ఏదీ దొరకకపోతే ఆ శిష్యుల్లో ఒకరిని సంపాదకుడున్న పత్రిక ఏదైనా ఇంటర్వ్యూ చేసేలా చూడండి. అది అచ్చయ్యాక ‘ఫలానా శిష్యుడి కథనం ప్రకారం’ అంటూ వాక్యం రాసి, వ్యాసంలో కాకుండా ముందు చర్చా పేజీలో పెట్టండి. మిమ్మల్ని రెండుసార్లు కాదన్న మనిషినే చూడమని అడగండి.